పడవలో తాగునీళ్లు: ఫిల్టర్ కొనే ముందు చూడాల్సినవి

(పడవలు నడిపేవాళ్ల సమావేశంలో ఇచ్చిన ప్రసంగానికి రాతరూపం, చివర్లో వచ్చిన ప్రశ్నలతో సహా)

అందరికీ నమస్కారం. వెనక వరసలో కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

బోటుకి ఏ ఫిల్టర్ కొనమంటారు అని చాలామంది అడుగుతుంటారు. నేను వెంటనే పేరు చెప్పను. ట్యాంకు మూత విప్పి లోపల చెయ్యి పెట్టి ఎన్నాళ్లయింది అని తిరిగి అడుగుతాను. ఎక్కువమంది నవ్వేసి ఊరుకుంటారు. అందుకని ఈరోజు ఫిల్టర్ కంటే ముందు ట్యాంకు దగ్గరికి వెళ్దాం.

ట్యాంకు మీద గుండ్రటి తనిఖీ మూత ఒకటి ఉంటుంది. చేతులు శుభ్రంగా కడుక్కుని, దాన్ని విప్పి, లోపలి గోడని వేలితో రుద్దండి. వేలు కిర్రుమంటే ఫరవాలేదు. జారిందా, అది పాకుడు. నీళ్లు పైకి అద్దంలా కనిపించినా గోడకి పాకుడు పట్టి ఉండొచ్చు. బ్యాక్టీరియా తన చుట్టూ జిగురు కట్టుకుని దాని కింద గుంపులుగా బతుకుతుంది. నీళ్లలో కాస్త క్లోరిన్ ఉన్నా ఆ జిగురు లోపలిదాకా దిగదు. పడవ ఊగినప్పుడల్లా ఆ పొర కొంచెం కొంచెం ఊడి నీళ్లలో కలుస్తుంటుంది. ఇంటి మీద ట్యాంకులో అడుగున పేరుకున్న మడ్డి కదలకుండా పడి ఉంటుంది. పడవలో ఆ సౌకర్యం లేదు. పెద్ద అల తగిలినప్పుడల్లా అడుగున ఉన్నదంతా పైకి లేస్తుంది. రేవులో కట్టేసి ఉన్నన్నాళ్లు బాగా పనిచేసిన ఫిల్టర్, బయటికి వెళ్లిన రెండో రోజుకే పూడుకుపోయిందని గోలపెట్టేది ఇందుకే. తప్పు ఫిల్టర్‌ది కాదు.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని మీ పడవలో నీళ్లు నడిచే దారి గీయండి. ఒడ్డు మీది కుళాయి, అక్కణ్ణుంచి హోసు పైపు, డెక్ మీద నీళ్లు పోసే మూత, ట్యాంకు, పంపు, పైపులు, గీజరు, వంటగది కుళాయి, చివరికి మీ గ్లాసు. ఈ దారిలో ఏ చోట నీళ్లు పాడవుతున్నాయో తెలిస్తే, ఏ చోట ఫిల్టర్ పెట్టాలో దానంతట అదే తేలుతుంది. వాసననే తీసుకోండి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేడినీళ్లలోనే వస్తోందా, చన్నీళ్లలో కూడానా? వేడినీళ్లలో మాత్రమే అయితే అనుమానించాల్సింది గీజరుని. లోపల ఉండే మెగ్నీషియం కడ్డీకి, గంధకం మీద బతికే బ్యాక్టీరియాకి జత కుదిరితే ఆ వాసన పుడుతుంది. దానికోసం వంటగది కుళాయి కింద ఖరీదైన ఫిల్టర్ బిగించడం వృథా. రెండిట్లోనూ వాసన ఉంటే అప్పుడు ట్యాంకు చూడాలి.

ముందుకి వెళ్లేలోపు ఒక అపోహ తీసేద్దాం. మామూలు ఫిల్టర్ ఏదీ సముద్రపు నీళ్లని తాగునీళ్లుగా మార్చదు. ఎంత సన్నటి రంధ్రాలున్నా సరే. ఉప్పు అన్నది నీళ్లలో కరిగి ఉంటుంది, తేలుతూ ఉండదు. కరిగిన ఉప్పు అయాన్లు అనే కణాలుగా విడిపోతుంది, అవి నానోమీటరు, అంటే మిల్లీమీటరులో పదిలక్షల వంతు కంటే చిన్నవి. సముద్రపు నీరు లీటరులో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన మూత్రపిండాలు అంత గాఢంగా ఉప్పుని బయటికి పంపలేవు, అందుకే ఆ నీళ్లు తాగితే ఒంట్లో ఉన్న నీరు కూడా పోతుంది. ఉప్పు తీయాలంటే నీళ్లని పోనిచ్చి ఉప్పుని ఆపే రివర్స్ ఆస్మాసిస్ (ఆర్‌ఓ) పొర కావాలి, దానికి తగ్గ ఒత్తిడి కావాలి. ఆ పొర గుండా నీళ్లు పోకుండా ఉప్పు వెనక్కి లాగే బలాన్ని ఆస్మాటిక్ ఒత్తిడి అంటారు, సముద్రపు నీటికి అదే సుమారు 27 బార్ (బార్ అన్నది ఒత్తిడికి కొలత). దాన్ని మించి తోయాలి కాబట్టి పడవల్లో సముద్రపు నీళ్లని మంచినీళ్లుగా మార్చే యంత్రాలు, అదే వాటర్‌మేకర్లు, దాదాపు 55 బార్ దగ్గర నడుస్తాయి. మీ వంటగది కుళాయికి నీళ్లు తోసే పంపు 3, 4 బార్ దగ్గరే ఆగిపోతుంది. ఇంట్లో వాడే ఆర్‌ఓ మిషన్ తెచ్చి సముద్రపు నీటికి కలిపితే పని జరగదు. వాటర్‌మేకర్ సంగతి చివర్లో చెబుతాను.

ఇక తీసేయాల్సినవి ఏమిటి, వాటి సైజు ఎంత? ఇక్కడ కొలత మైక్రాన్. మిల్లీమీటరులో వెయ్యో వంతు. వెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. కంటికి ఆనే తుప్పు రజను, నలకలు, ఇసుక, నాచు పీచు, వీటికి 20 మైక్రాన్ల కార్ట్రిడ్జ్ (ఫిల్టర్ లోపల పెట్టి, అయిపోతే మార్చే భాగం) చాలు. జియార్డియా అనే పరాన్నజీవి గుడ్డులాంటి సిస్టు దశలో 8 నుంచి 12 మైక్రాన్లు ఉంటుంది. క్రిప్టోస్పోరిడియం దానికంటే చిన్నది, 4 నుంచి 6. బ్యాక్టీరియా చాలామటుకు 0.2 నుంచి 5 మైక్రాన్ల మధ్య. వైరసులు మరీ చిన్నవి, 0.02 నుంచి 0.3. ఈ అంకెలు కంఠతా పట్టక్కర్లేదు. జియార్డియా, క్రిప్టోలను ఆపగల ఫిల్టర్ కొనడం సులువు. బ్యాక్టీరియాని ఆపేది కావాలంటే కొంచెం వెతకాలి. వైరస్ దగ్గరికి వచ్చేసరికి మామూలు ఫిల్టర్లలో చాలావరకు చేతులెత్తేస్తాయి.

సైజు చదివేటప్పుడు దాని పక్కన ఉన్న మాట కూడా చదవండి. నామినల్ అని ఉందా, ఆబ్సొల్యూట్ అని ఉందా? "1 మైక్రాన్ నామినల్" అంటే ఆ సైజు రేణువుల్లో ఎక్కువ భాగం ఆపుతుందని. ఎంత భాగం అన్నది తయారీదారు ఇష్టం. "1 మైక్రాన్ ఆబ్సొల్యూట్" అంటే దాదాపు అన్నిటినీ ఆపాలి. రోగక్రిములు ఆపడానికి కొంటున్నప్పుడు నామినల్ అంకెకి విలువ లేదు. మడ్డి ఆపడానికైతే చాలు.

క్రిప్టో గురించి ఇంకో మాట. అది క్లోరిన్‌కి లొంగదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో క్లోరిన్ కలిపిన నగరపు నీళ్లలోనే క్రిప్టో వచ్చి సుమారు 4 లక్షల మందికి జబ్బు చేసింది. అంత పెద్ద నీటి వ్యవస్థ ఉన్న ఊళ్లోనే అలా జరిగింది కాబట్టి, రేవులో పట్టుకున్నది కుళాయి నీళ్లే కదా అని పూర్తిగా ధీమా పడకూడదు. ఈ ఒక్క విషయంలో ఫిల్టర్ క్లోరిన్ కంటే నయం. మిగతా చాలా విషయాల్లో క్లోరిన్ మన పక్షమే. ఈరోజు నేను గట్టిగా చెప్పదలుచుకున్నది కూడా అదే.

బోట్లలో ఎక్కువగా కనిపించే పద్ధతి చూడండి. ఒడ్డు మీది కుళాయికి హోసు, హోసుకి మధ్యలో నీలం రంగు కార్బన్ ఫిల్టర్, దాన్లోంచి నీళ్లు ట్యాంకులోకి. శుభ్రం చేసిన నీళ్లే ట్యాంకులో పోస్తున్నాం కదా అని సంతోషం. జరిగేది వేరు. కార్బన్ మొట్టమొదట తీసేది క్లోరిన్‌ని. నీటి సరఫరావాళ్లు పనిగట్టుకుని కలిపిన కాపలాని మీరు గుమ్మంలోనే ఆపేసి, దిక్కులేని నీళ్లని వెచ్చటి చీకటి ట్యాంకులో రోజుల తరబడి నిల్వ ఉంచుతున్నారు. పాకుడికి ఇంతకంటే ఏం కావాలి?

అందుకని నేను దీన్ని తిరగేసి పెట్టమంటాను. నింపేటప్పుడు కార్బన్ వద్దు. 5 మైక్రాన్ల సెడిమెంట్ ఫిల్టర్ ఒక్కటి చాలు, మడ్డి, తుప్పు లోపలికి రాకుండా. క్లోరిన్ నీళ్లతోపాటు ట్యాంకులోకి వెళ్లనివ్వండి, అక్కడే ఉండనివ్వండి. కార్బన్‌ని చివర్లో పెట్టండి, తాగే కుళాయి కిందే. గ్లాసులో పడబోయే ముందు క్లోరిన్ తీసేస్తే రుచి బాగుంటుంది, ట్యాంకూ కాపాడుకున్నట్టే. డబ్బులు ఎక్కువ పెట్టనక్కర్లేదు, ఉన్న ఫిల్టర్ స్థానం మారిస్తే చాలు. కొందరు నాతో వాదిస్తారు, రెండు చోట్లా కార్బన్ పెట్టి ట్యాంకులో మళ్లీ విడిగా క్లోరిన్ కలుపుతాం అంటారు. ఒడ్డు నీళ్లలో పురుగుమందులో, మరో రసాయనమో ఉన్నాయని తెలిసిన చోట అది సబబే. కానీ విడిగా కలపడం ఒక్కసారి మరిచిపోతే మొదటికి వచ్చినట్టే.

కార్బన్‌లో రెండు రకాలున్నాయి. గింజల్లా వదులుగా ఉండేది ఒకటి, గట్టిగా అచ్చుపోసిన కార్బన్ బ్లాక్ ఇంకొకటి. గింజల రకంలో నీళ్లు సందు చూసుకుని ఒకే దారిన పారిపోతాయి. పడవ కుదుపులకి ఆ సందులు ఇంకా తొందరగా పడతాయి. బ్లాక్ కొనండి. 0.5 మైక్రాన్ బ్లాకుల్లో సిస్టులని ఆపుతాయని ధ్రువీకరణ ఉన్నవి దొరుకుతాయి. వెండి కలిపిన కార్బన్ అంటూ అమ్మేవి ఉన్నాయి. ఆ వెండి కార్ట్రిడ్జ్ లోపల బ్యాక్టీరియా పెరగడాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది, అంతే. దాని గుండా పోతున్న నీళ్లని శుద్ధి చేయదు. పెట్టె మీద బొమ్మ చూసి వేరేలా అనుకుంటారు.

పెట్టె సంగతి ఎలాగూ వచ్చింది. దాని మీద ముందు వైపు చదవకండి, వెనక వైపు చదవండి. చాలా కార్బన్ ఫిల్టర్ల మీద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. సూక్ష్మజీవుల పరంగా సురక్షితం కాని నీటికి, నాణ్యత తెలియని నీటికి, ముందో వెనకో క్రిమిసంహారం చేయకుండా దీన్ని వాడొద్దని దాని సారాంశం. ముందు వైపు కొండల్లోంచి దూకే సెలయేటి బొమ్మ, వెనక వైపు ఈ మాట. ఆ వాక్యం ఉన్నదంటే అది రుచి కోసం చేసిన ఫిల్టరే గాని, నది నీళ్లని నేరుగా పోసుకునేది కాదు.

తర్వాత ప్రమాణాల సంఖ్యలు. ఎన్‌ఎస్‌ఎఫ్ అన్నది ఇలాంటి ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ. ఎన్‌ఎస్‌ఎఫ్ 42 అంటే రుచి, వాసన, క్లోరిన్. 53 అంటే ఆరోగ్యానికి సంబంధించినవి, సీసం, సిస్టులు లాంటివి. 53 అని ఉన్నంత మాత్రాన అన్నీ తీసేస్తుందని కాదు. ఏ పదార్థానికి పరీక్ష చేశారో పట్టికలో చూడాలి. సీసానికి మాత్రమే తీసుకున్న 53 ఉంటుంది, సిస్టులకి తీసుకున్నది ఉంటుంది. 55 అతినీలలోహిత దీపాలకి, 58 ఇంటి ఆర్‌ఓలకి. పి231 అన్నది సూక్ష్మజీవుల ప్యూరిఫైయర్లకి. అందులో బ్యాక్టీరియా 99.9999 శాతం, వైరసులు 99.99, సిస్టులు 99.9 శాతం తగ్గాలి. ఊరూపేరూ తెలియని చోట నీళ్లు పట్టుకుని దూరం వెళ్లేవాళ్లు ఈ పి231 రకం వైపు చూడాలి. ఇంకో తిరకాసు ఉంది. "ఈ ప్రమాణం ప్రకారం పరీక్షించాం" అన్నది వేరు, "ధ్రువీకరణ పొందింది" అన్నది వేరు. కొన్నిటికి ప్లాస్టిక్ నుంచి విషాలు దిగవని మాత్రమే ధ్రువీకరణ ఉంటుంది, శుద్ధి చేసే శక్తికి ఉండదు. ముద్ర మాత్రం అదే.

సిరామిక్ కొవ్వొత్తులు, అంటే కొవ్వొత్తి ఆకారంలో ఉండే పింగాణీ ఫిల్టర్లు, నాకు ఇష్టమైనవే. మంచివి బ్యాక్టీరియాని ఆపుతాయి, పైన మడ్డి పడితే రుద్ది కడిగి మళ్లీ వాడుకోవచ్చు. కానీ పడవలో రెండు చిక్కులు. కొవ్వొత్తికి వెంట్రుకవాసి పగులు పడితే కంటికి కనిపించదు, నీళ్లు మాత్రం ఆ పగుల్లోంచి వడకట్టకుండా దిగిపోతాయి. పైగా వాటి గుండా నీళ్లని వేగంగా లాగితే సరిగా పనిచేయవు. కింద పడినదాన్ని అనుమానంతో వాడొద్దు, మార్చేయండి. నేల మీద బొట్టుబొట్టుగా దిగే రెండంతస్తుల ఫిల్టర్ ఉంది చూశారూ, అది లంగరేసి ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. పడవ ఒరిగినప్పుడు దాన్ని పట్టుకుని కూర్చోవడానికి ఒక మనిషి కావాలి. (నవ్వులు)

అతినీలలోహిత దీపం, అదే యూవీ. 254 నానోమీటర్ల కాంతి సూక్ష్మజీవుల డీఎన్‌ఏని దెబ్బతీసి, అవి పెరగకుండా చేస్తుంది. వైరసులకి, క్రిప్టోకి కూడా పనిచేయడం దీని గొప్ప. అయితే కాంతి నీళ్ల గుండా పోగలగాలి. మడ్డి నీళ్లలో రేణువు నీడన దాక్కున్న క్రిమికి కాంతి తగలదు. అందుకని దీపానికి ముందు 5 మైక్రాన్ల సెడిమెంటు, వీలైతే కార్బన్ బ్లాకు ఉండాలి. కరెంటు కావాలి, రోజంతా వెలిగే దీపమైతే బ్యాటరీ మీద భారం. కుళాయి తిప్పినప్పుడే వెలిగే ఎల్‌ఈడీ రకాలు పడవకి నయం. మామూలు దీపం సుమారు ఏడాదికి బలహీనపడుతుంది, చూడ్డానికి మాత్రం నీలంగా వెలుగుతూనే ఉంటుంది. దీపం వెనక నీటికి కాపలా ఏమీ మిగలదు కాబట్టి దాన్ని గ్లాసుకి ఎంత దగ్గరగా పెడితే అంత మంచిది. ట్యాంకు నింపేటప్పుడు యూవీ పెట్టడం వల్ల పెద్ద లాభం లేదు.

ఇంటి ఆర్‌ఓని మంచినీళ్ల ట్యాంకుకి కలపడం మాటేమిటి? నేను వద్దంటాను. అది రకాన్ని బట్టి లీటరు నీళ్లిచ్చేటప్పుడు రెండు నుంచి అయిదు లీటర్లు పారబోస్తుంది. ఒడ్డు నుంచి మోసుకొచ్చిన నీళ్లని పారబోయడం దేనికి? పంపు ఒత్తిడి తక్కువైతే ఆ లెక్క ఇంకా ఘోరంగా ఉంటుంది.

టీడీఎస్ మీటరు జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లు ఇక్కడ కూడా ఉన్నారని తెలుసు. (నవ్వులు) అది నీళ్లలో కరిగిన లవణాలని అంచనా వేస్తుంది, అంతే. 50 చూపించిన నీళ్లలో కలరా క్రిమి ఉండొచ్చు, 400 చూపించిన నీళ్లు నిక్షేపంలా ఉండొచ్చు. కార్బన్, సిరామిక్, యూవీ, ఇవేవీ టీడీఎస్‌ని తగ్గించవు. తగ్గలేదని ఫిల్టర్‌ని తిట్టకండి. వాటర్‌మేకర్ ఉన్నవాళ్లకి మాత్రం ఆ మీటరు నిజంగా అవసరం. అంకె పెరుగుతోందంటే పొర దెబ్బతింటోందని అర్థం.

ఇప్పుడు బిగించడం. ఇక్కడే నేను ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే మంచి ఫిల్టర్లు పాడయ్యేది ఇక్కడే.

మొదటిది, తాగడానికి విడిగా ఒక సన్నటి కుళాయి పెట్టుకోండి. లెక్క చూడండి. నలుగురున్న పడవలో తాగడానికి, వంటకి మనిషికి రోజుకి 3 లీటర్లనుకుంటే 12 లీటర్లు. కార్ట్రిడ్జ్ సామర్థ్యం 1,500 లీటర్లనుకుందాం. విడి కుళాయి అయితే 125 రోజులొస్తుంది. అదే ఫిల్టర్‌ని మొత్తం లైనుకి పెట్టి, స్నానాలు, గిన్నెలు అన్నీ దాని గుండా పోనిచ్చి రోజుకి 120 లీటర్లు వాడారనుకోండి, పన్నెండు రోజులకి అయిపోతుంది. స్నానానికి క్లోరిన్ తీసిన నీళ్లు ఎవరికీ అక్కర్లేదు.

రెండోది, సన్నటి ఫిల్టర్ ఎప్పుడూ పంపు తర్వాతే రావాలి, ముందు కాదు. పంపు లాగుకోవడంలో బలహీనం, తోయడంలో బలం. పీల్చే వైపు సన్నటి కార్ట్రిడ్జ్ పెడితే పంపుకి నీళ్లందక గాలి మింగి అరుస్తుంటుంది. ముందు వైపు పెద్ద కన్నాల జాలీ ఒక్కటి చాలు, పంపు లోపలికి ప్లాస్టిక్ పొట్టు వెళ్లకుండా. కాలితో తొక్కే పంపు మీద ఆధారపడినవాళ్లు ఒత్తిడి తక్కువైనా నీళ్లు వదిలే కార్ట్రిడ్జే ఎంచుకోవాలి. ఆ సంగతి పెట్టె మీద ఉంటుంది, చదవండి.

మూడోది సైజు. పది అంగుళాల పొడవు, రెండున్నర అంగుళాల వెడల్పు కార్ట్రిడ్జ్ అన్నది ప్రపంచమంతా దొరికే కొలత. ఏ రేవులో దిగినా ఏదో ఒక దుకాణంలో ఉంటుంది. ఒక్క కంపెనీవాళ్ల దగ్గరే దొరికే వింత ఆకారపు కార్ట్రిడ్జ్ ఎంత గొప్పదైనా, అది లేని చోట మీ హౌసింగ్, అంటే కార్ట్రిడ్జ్ కూర్చునే డొల్ల, ఉత్త డబ్బా. దూరం వెళ్లే పడవకి నేను పది అంగుళాల హౌసింగులు రెండు వరసగా పెట్టమంటాను. మొదటిదాన్లో 5 మైక్రాన్ల సెడిమెంటు, రెండోదాన్లో సిస్టులకి ధ్రువీకరణ ఉన్న కార్బన్ బ్లాక్. చవకైన మొదటిది మడ్డి తిని ఖరీదైన రెండోదాన్ని కాపాడుతుంది. నమ్మకం లేని నీళ్లు పట్టుకునేవాళ్లు దాని తర్వాత యూవీ చేర్చుకోవచ్చు.

బిగించే చోట హౌసింగ్ కింద కాస్త ఖాళీ వదలాలి. గిన్నెలాంటి కింది భాగం మర తిప్పి కిందికి దించితేగాని కార్ట్రిడ్జ్ బయటికి రాదు. అలమరాలో అడుగుకి ఆనించి బిగిస్తారు, తర్వాత స్పానర్ తిరగదు, గిన్నె దిగదు. మార్చడం కష్టమైతే మనం మార్చం, అదీ అసలు ప్రమాదం. రబ్బరు రింగుకి ఆహారానికి పనికొచ్చే సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. పడవ దిగి వెళ్లేటప్పుడు నీళ్ల పంపు స్విచ్ కట్టేయండి. హౌసింగ్ పగిలినా, రింగు జారినా, పంపు అమాయకంగా ట్యాంకు మొత్తాన్ని పడవ అడుగులోకి తోడేస్తుంది.

మార్చే తేదీని హౌసింగ్ మీదే చెరగని పెన్నుతో రాయండి. సెడిమెంట్ కార్ట్రిడ్జ్ అయిపోతే ధార సన్నబడి అదే చెబుతుంది. కార్బన్ చెప్పదు. ధార బాగానే వస్తుంటుంది, లోపల కార్బన్ నిండిపోయి ఉంటుంది. క్లోరిన్ వాసన మళ్లీ తగిలిందంటే ఆలస్యమైనట్టే. లీటర్లు మిగిలున్నా కంపెనీ చెప్పిన గడువు దాటితే తీసేయండి, అది చాలావాటికి ఆరు నెలలు. వారాల తరబడి వాడకుండా తడిగా ఉండిపోయిన కార్బన్ బ్యాక్టీరియాకి పెంపుడిల్లు.

ఇక ట్యాంకు కడగడం. సువాసనలు, రంగులు కలపని మామూలు బ్లీచు ద్రావణం, 5 శాతం బలం ఉన్నది తీసుకోండి. 100 లీటర్ల నీళ్లకి 100 మిల్లీలీటర్లు కలిపితే లీటరుకి 50 మిల్లీగ్రాముల క్లోరిన్ అవుతుంది. ముందుగా కార్ట్రిడ్జులన్నీ బయటికి తీయాలి, లేకపోతే కార్బన్ ఆ క్లోరిన్‌నంతా మింగేస్తుంది. ప్రతి కుళాయీ తిప్పి బ్లీచు వాసన వచ్చేదాకా వదలండి, వేడినీళ్ల వైపు కూడా. రాత్రంతా అలా ఉంచి, పొద్దున్నే పారబోసి, వాసన పోయేదాకా కడగండి. పాకుడు మందంగా ఉంటే ముందు చేత్తో రుద్ది తీయాలి. రసాయనం ఒక్కటే ఆ పని చేయదు. బ్లీచులో వెనిగరుగాని, మరో ఆమ్లంగాని కలపొద్దు, విషవాయువు పుడుతుంది. పాత సీసా బలం తగ్గి ఉంటుంది, కొత్తది కొనండి.

హోసు పైపుని మరిచిపోతారు. తాగునీటికి తగిన పైపు విడిగా పెట్టుకోండి, డెక్ కడిగే పైపు వేరు. రెండు చివర్లూ ఒకదానికొకటి బిగించి దాస్తే పురుగూ పుట్రా చేరదు. నింపేముందు ఒడ్డు కుళాయిని కాసేపు వదిలెయ్యండి, పైపులో నిల్వ ఉన్న నీళ్లు పోతాయి. పైపు కొస రేవు నీళ్లలో పడితే కడగకుండా ట్యాంకులో పెట్టకండి.

వాటర్‌మేకర్ గురించి చెబుతానన్నాను. సముద్రపు నీటిని తియ్యగా మార్చగల పొరని 1960 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ అనే ఇద్దరు తయారుచేశారు. ఈరోజు పడవల్లో ఉన్నవన్నీ ఆ ఆలోచనకి వారసులే. చిన్న యంత్రాలు లాక్కున్న నీటిలో పదో వంతు మంచినీళ్లిస్తాయి, మిగతా ఉప్పునీరు తిరిగి సముద్రంలోకే పోతుంది కాబట్టి ఇక్కడ వృథా అన్న బాధ లేదు. పొరకి ఇద్దరు శత్రువులు. ఒకటి నూనె. రేవులో నీటి మీద రంగుల తెట్టు కనిపిస్తే యంత్రం వేయకండి. రెండోది క్లోరిన్. ఇందాకటిదాకా క్లోరిన్‌ని వెనకేసుకొచ్చిన నేనే ఇక్కడ దాన్ని రానివ్వొద్దంటున్నాను. యంత్రాన్ని ట్యాంకు నీళ్లతో కడిగే లైనులో తప్పనిసరిగా కార్బన్ కార్ట్రిడ్జ్ ఉండాలి, అది గడువులో ఉండాలి. ఆ ఒక్క కార్ట్రిడ్జ్ మీద పిసినారితనం చూపిస్తే పోయేది మొత్తం పొర. అలాగే ఈ యంత్రం ఇచ్చే నీళ్లలో క్లోరిన్ ఉండదు. ట్యాంకులో నిల్వ చేస్తున్నప్పుడు మీరే కాస్త కలుపుకోవాలి. 100 లీటర్లకి 5 శాతం బ్లీచు 2 మిల్లీలీటర్లు కలిపితే లీటరుకి 1 మిల్లీగ్రాము.

నేను చెప్పాలనుకున్నవి ఇవే. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: వాన నీళ్లు పట్టుకుంటే ఫిల్టర్ అవసరమా అండీ?

వాన నీళ్లు పైనుంచి శుభ్రంగానే పడతాయి. మీ డెక్, తెరచాప శుభ్రంగా ఉండవు. పక్షి రెట్టలు, ఉప్పు, దుమ్ము అన్నీ మొదటి జల్లుతో దిగుతాయి. ఆ మొదటి జల్లు వదిలేసి తర్వాతది పట్టండి. ట్యాంకులోకి సెడిమెంట్ ఫిల్టర్ గుండా పోయండి, కాస్త క్లోరిన్ కలపండి. తాగే ముందు మామూలు పద్ధతే.

ప్రశ్న: మా ట్యాంకు అల్యూమినియంది. బ్లీచు వాడొచ్చా?

బలమైన బ్లీచు ఎక్కువసేపు ఉంటే అల్యూమినియం తినేస్తుంది. ట్యాంకు చేసినవాళ్లు ఏం చెప్పారో ముందు చూడండి. వాళ్లు ఒప్పుకుంటే తక్కువ మోతాదులో, తక్కువసేపు, తర్వాత బాగా కడగడం. రాత్రంతా ఉంచే పద్ధతి మీకు కాదు. మీరు మూత విప్పి చేత్తో రుద్దడం మీదే ఎక్కువ ఆధారపడాలి.

ప్రశ్న: దారిలో ఫిల్టర్ పాడైతే, స్పేర్ కూడా లేకపోతే?

మరగబెట్టండి. బాగా కుతకుతలాడాక ఒక నిమిషం చాలు, మనం ఉండేది సముద్రమట్టం దగ్గరే కాబట్టి. క్రిప్టో, వైరసులు అన్నీ పోతాయి. గ్యాసు తక్కువగా ఉంటే, నీళ్లు తేటగా ఉన్నప్పుడు లీటరుకి 5, 6 శాతం బ్లీచు 2 చుక్కలు వేసి అరగంట ఆగండి. మడ్డిగా ఉంటే ముందు గుడ్డతో వడకట్టాలి. క్రిప్టో మాత్రం ఈ చుక్కలకి చావదని చెప్పాను కదా.

ప్రశ్న: ఆల్కలైన్ కార్ట్రిడ్జ్ అదనంగా పెట్టమంటున్నారు...

అమ్మేవాళ్లు పెట్టమంటారు. ఆ హౌసింగ్‌లో ఇంకో సెడిమెంట్ కార్ట్రిడ్జ్ పెట్టుకోండి, పనికొస్తుంది.

ప్రశ్న: నెలల తరబడి పడవ ఖాళీగా వదిలేస్తాం. అప్పుడు ఫిల్టర్‌ని ఏం చేయాలి?

వెళ్లే రోజు కార్ట్రిడ్జ్ తీసి పారేయండి, కొత్తదైనా సరే. హౌసింగ్ గిన్నె కడిగి, తుడిచి, వదులుగా బిగించి ఆరనివ్వండి. గడ్డకట్టే చలి ఉన్న చోటైతే దాన్లో చుక్క నీరు ఉండకూడదు, పగులుతుంది. ట్యాంకు కూడా ఖాళీ చేయండి. తిరిగొచ్చాక ముందు బ్లీచుతో కడగడం, తర్వాతే కొత్త కార్ట్రిడ్జ్ కవరు చించడం. కొత్త కార్బన్ మొదట్లో నల్లటి పొడి వదులుతుంది, నీళ్లు తేటపడేదాకా పారబోయండి. తర్వాత హౌసింగ్ చుట్టూ పొడిగుడ్డతో తుడిచి, పంపు వేసి ఉంచి, అరగంట తర్వాత కింద వేలు పెట్టి చూడండి. తడి తగిలితే గిన్నె విప్పి రింగు సరిగా కూర్చుందో లేదో చూసుకుని మళ్లీ బిగించండి. ఊరికే బలంగా తిప్పితే ఆ ప్లాస్టిక్ మరలు చిట్లుతాయి.